బూజు పట్టిన గింజ ఎవరి కంచంలోకి?

ఆహారంలో చేరే విషాలన్నిటిలో శిలీంధ్ర విషాలది వేరే దారి. పురుగుమందుల్లాగా వీటిని రైతు చల్లడు, కల్తీ వ్యాపారి కలపడు. పొలంలోనో గాదెలోనో గింజ మీద పెరిగే బూజే తన జీవక్రియలో భాగంగా వీటిని తయారుచేసి గింజలోకి వదులుతుంది. శాస్త్ర పరిభాషలో మైకోటాక్సిన్లు అని పిలిచే ఈ పదార్థాలు శిలీంధ్రం బతకడానికి తప్పనిసరి కావు గనక బూజు పట్టిన ప్రతి గింజా విషపూరితం కాదు. అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి ఏమిటంటే, బూజును దులిపి, కడిగి, ఎండబెట్టిన తరువాత కంటికి శుభ్రంగా కనిపించే గింజలో కూడా విషం మిగిలే ఉండవచ్చు. వంటింటి వేడికి శిలీంధ్రం చస్తుంది గాని, ఈ విషాల్లో ప్రధానమైన అఫ్లాటాక్సిన్ విచ్ఛిన్నం కావడానికి 230 డిగ్రీల సెల్సియస్ మించిన ఉష్ణోగ్రత కావాలి కాబట్టి, అది అన్నంలోనూ రొట్టెలోనూ చాలా వరకు అలాగే నిలిచి కంచంలోకి వస్తుంది.

భారతదేశంలో ఈ విషాల వల్ల మనుషులకు కలిగే కీడు గురించి ఇవాళ తెలిసినదానిలో చాలా భాగం హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి, అందులోనూ అక్కడి ఆహార, ఔషధ విషశాస్త్ర పరిశోధన కేంద్రంలో దశాబ్దాల పాటు పనిచేసిన రమేశ్ వి. భట్, ఆయన సహచరుల అధ్యయనాల నుంచి వచ్చింది. మొక్కజొన్న, సజ్జ, గోధుమ, జొన్న అంటూ పంట మారినా, గుజరాత్, రాజస్థాన్, కాశ్మీర్, దక్కన్ అంటూ ప్రాంతం మారినా ఆ అధ్యయనాలను వరుసగా చదివినవారికి ఒకే సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అదను తప్పి కురిసిన వాన గింజను పాడు చేస్తుంది. ఆ పాడైన గింజను పారేసే స్తోమత లేని ఇల్లు దాన్ని తింటుంది. శిలీంధ్రాన్ని పరిశోధించడానికి బయలుదేరిన శాస్త్రం ఆ గింజ చివరికి ఎవరి కంచంలోకి చేరుతున్నదో కూడా తేల్చవలసి వచ్చింది.

టర్కీ కోళ్లతో మొదలు

అఫ్లాటాక్సిన్ కథ 1960లో ఇంగ్లండులో మొదలైంది. అక్కడి కోళ్ల ఫారాల్లో కొద్ది నెలల వ్యవధిలో లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణం తెలియని కాలేయ వ్యాధితో చనిపోగా, పరిశోధకులు ఏ వైరసూ, ఏ బాక్టీరియా దొరకక దానికి 'టర్కీ ఎక్స్ వ్యాధి' అని పేరు పెట్టి, చివరకు దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కను దోషిగా పట్టుకున్నారు. ఆ చెక్కలో పెరిగిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పసుపుపచ్చ బూజు ఒక విషాన్ని స్రవిస్తున్నదని తేలింది. అతినీలలోహిత కాంతి కింద నీలంగా మెరిసే రకాలను బి అనీ, ఆకుపచ్చగా మెరిసే రకాలను జి అనీ వర్గీకరించారు. వాటిలో బి1 అన్నిటికన్నా ప్రమాదకరమైనది.

ఈ వార్త భారతదేశాన్ని సరిగ్గా తగలరాని చోట తగిలింది. మాంసకృత్తుల లోపంతో బాధపడే పిల్లలకు చవకైన పోషకాహారంగా వేరుశనగ పిండిని ఇవ్వాలని ఇక్కడి శాస్త్రవేత్తలు ఆశపడుతున్న కాలమది. సి. గోపాలన్ నాయకత్వంలోని హైదరాబాద్ పోషకాహార శాస్త్రవేత్తలు కోతుల మీద ప్రయోగాలు జరిపి, అఫ్లాటాక్సిన్ వాటి కాలేయాన్ని గట్టిపరుస్తుందని 1965లో ప్రకటించారు. మాంసకృత్తులు తక్కువగా తినే కోతుల్లో ఈ నష్టం మరింత తీవ్రంగా ఉంటుందని కూడా వారి ప్రయోగాలు చూపాయి. అంటే ఏ పిల్లల కోసం వేరుశనగ పిండిని ఉద్దేశించారో ఆ పిల్లలే ఈ విషానికి ఎక్కువగా లొంగుతారన్న మాట. ఆ భయం ఊహగా మిగలలేదు. అఫ్లాటాక్సిన్ కలిసిందని తెలియక వేరుశనగ పిండి ఇచ్చిన పిల్లల్లో కాలేయం దెబ్బతిన్న ఉదంతాన్ని మైసూరు వైద్యులు, శాస్త్రవేత్తలు 1971లో అంతర్జాతీయ పత్రికలో నమోదు చేశారు.

1974: కుక్కలకు ముందుగా వచ్చిన కామెర్లు

1974 అక్టోబరు, నవంబరు నెలల్లో గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలోనూ, దానికి ఆనుకుని ఉన్న రాజస్థాన్‌లోని బాంస్వాడా జిల్లాలోనూ గిరిజన గ్రామాల్లో కామెర్లు విరుచుకుపడ్డాయి. జ్వరంతోనో, ఆకలి మందగించడంతోనో మొదలై, కళ్లు పచ్చబడి, కాళ్లు వాచి, పొట్టలో నీరు చేరి, కొందరు రక్తం కక్కుకుని మరణించే ఈ వ్యాధికి 397 మంది గురికాగా 106 మంది చనిపోయారు. నలుగురిలో ఒకరికి మించిన మరణాల రేటు అది. పైకి చూస్తే కలుషిత నీటి వల్ల వచ్చే వైరస్ కామెర్లకూ దీనికీ తేడా కనిపించదు, అందుచేత ఆ దిశలోనే ఆలోచించి ఊరుకుని ఉంటే విషయం అక్కడితో ముగిసిపోయేదే.

హైదరాబాద్ నుంచి వెళ్లిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ భట్, వి. నాగరాజన్, టి.బి.జి. తిలక్‌లు అక్కడ గమనించిన వివరాలు మాత్రం వైరస్ సిద్ధాంతానికి పొసగలేదు. వ్యాధి మొక్కజొన్న ప్రధానాహారంగా బతికే గిరిజన కుటుంబాలకే పరిమితమైంది. అదే ఊళ్లో వేరే ధాన్యం తినేవారిని అది ముట్టుకోలేదు. ఒకే ఇంట్లో ఒకరికి మించి మంచాన పడ్డారు, ఎందుకంటే అందరూ ఒకే గాదెలోని గింజ తింటున్నారు. అన్నిటికన్నా ముఖ్యమైన ఆధారం ఊరకుక్కల దగ్గర దొరికింది: మనుషులకు కామెర్లు రావడానికి ముందే ఆ ఊళ్లలోని కుక్కలకు పొట్టలు ఉబ్బి, కామెర్లు సోకి అవి చనిపోయాయి. మనుషులకు కామెర్లు తెచ్చే వైరస్ కుక్కల దాకా పోదు. ఇంటి వాళ్లు పడేసిన రొట్టె ముక్క మాత్రం పోతుంది. (ప్రకాశం జిల్లా ఫ్లోరైడు గ్రామాల్లో మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా కాళ్లు వంకరపోయే జబ్బును అంతకు ఏడాది ముందే లోకానికి తెలిపినవారిలో ఈ కృష్ణమాచారి ఒకరు, రోగిని చూడడంతో ఆగకుండా అతని నీటినీ తిండినీ చూసే అలవాటు ఆ తరం పోషకాహార శాస్త్రవేత్తలకు గట్టిగా ఉండేది.)

బాధిత కుటుంబాల మొక్కజొన్నను పరీక్షించగా కిలోకు 6.25 నుంచి 15.6 మిల్లీగ్రాముల దాకా అఫ్లాటాక్సిన్ బయటపడింది. ఆ గింజ తిన్న మనిషి రోజుకు 2 నుంచి 6 మిల్లీగ్రాముల విషాన్ని, అదీ నెల రోజుల పాటు, లోపలికి తీసుకుని ఉంటాడని వారు లెక్కగట్టారు. ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే ఇప్పటి చట్టపు పరిమితితో పోల్చి చూడాలి. ధాన్యంలో కిలోకు 15 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్ ఉండరాదని నేటి భారతీయ ప్రమాణం, మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఆ పరిమితి అంచున ఉన్న మొక్కజొన్నను రోజుకు 400 గ్రాములు తిన్నవారికి చేరేది 6 మైక్రోగ్రాములు కాగా, పంచమహల్ గిరిజనుడికి చేరినది దానికి 300 రెట్లకు పైమాట.

ఇంత విషం ఒక్క ఏడాదిలోనే ఎందుకు పుట్టిందన్న ప్రశ్నకు వారి సమాధానంలో శిలీంధ్రం ఒక భాగం మాత్రమే. అంతకు ముందటి కరువుకాలం ఆ కుటుంబాల నిల్వలను ఖాళీ చేసింది. కోతకు ముందు అదను తప్పిన వానలు కంకులను తడిపాయి. తడిసిన కంకులను ఆరబెట్టి దాచుకునే వసతి లేదు. బూజు పట్టిన గింజ ప్రాణాల మీదికి తెస్తుందని తెలియదు. మరుసటి ఏడాది అదే ప్రాంతపు మొక్కజొన్నలో విషం చాలా తక్కువగా ఉంది, కామెర్లు మళ్లీ కనిపించలేదు. 'లాన్సెట్' పత్రిక 1975లో ప్రచురించిన ఈ పరిశోధన, అఫ్లాటాక్సిన్ పెద్ద సంఖ్యలో మనుషులను తక్షణమే చంపగలదని స్పష్టంగా చూపిన తొలి నివేదికల్లో ఒకటిగా నిలిచింది. ఆ పాఠం అందరికీ చేరిందని మాత్రం చెప్పలేం. ముప్ఫై ఏళ్ల తరువాత, 2004లో కెన్యాలో తడి మొక్కజొన్నే మళ్లీ 125 మందిని బలి తీసుకుంది.

కాలేయంలో జరిగేది

అఫ్లాటాక్సిన్ బి1 పుట్టుకతో వచ్చిన రూపంలో కన్నా శరీరం దాన్ని మార్చిన రూపంలో ఎక్కువ హాని చేస్తుంది. బయటి నుంచి వచ్చిన రసాయనాలను కరిగించి బయటికి పంపడానికి కాలేయంలో కొన్ని ఎంజైములు ఉంటాయి. అవి అఫ్లాటాక్సిన్‌ను కూడా అదే ఉద్దేశంతో పట్టుకుని, దానికి ఒక ఆక్సిజన్ పరమాణువును జోడించి, ఎపాక్సైడ్ అనే చురుకైన రూపంలోకి మారుస్తాయి. ఈ రూపం జన్యుపదార్థమైన డీఎన్ఏలోని గ్వానిన్ అనే అణువుకు అతుక్కుంటుంది. మోతాదు భారీగా ఉంటే కణాలు మూకుమ్మడిగా చచ్చి కామెర్లు వస్తాయి. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి చేరితే, కణాల అదుపు తప్పిన పెరుగుదలను ఆపే పీ53 అనే జన్యువులో ఒక నిర్దిష్ట స్థానం చెడిపోయి కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. చెడిపోయే ఆ స్థానం ఎంత నిర్దిష్టమైనదంటే, 249వ సంకేతం దగ్గర ఆ మార్పు కనిపించిన కణితి వెనుక అఫ్లాటాక్సిన్ హస్తం ఉందని శాస్త్రవేత్తలు గట్టిగా అనుమానిస్తారు.

హెపటైటిస్-బి వైరస్ ఇప్పటికే ఉన్నవారిలో ఈ ముప్పు కూడికగా కాక గుణకారంగా పెరుగుతుంది. చైనాలోని షాంఘైలో జరిగిన ప్రసిద్ధ అధ్యయనంలో, అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉన్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు సుమారు మూడు రెట్లు, వైరస్ ఒక్కటే ఉన్నవారికి సుమారు ఏడు రెట్లు ఉండగా, రెండూ ఉన్నవారికి 59 రెట్లకు చేరింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అఫ్లాటాక్సిన్లను పొగాకుతో పాటు మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ కలిగిస్తాయని నిస్సందేహంగా తేలిన వాటిలో చేర్చింది.

వాన తడిపిన పంటలు

పంచమహల్ తరువాత హైదరాబాద్ కేంద్రం దేశంలో ఎక్కడ తిండి వల్ల అంతుపట్టని జబ్బు వచ్చినా గింజను అడిగి చూసే పద్ధతిని అలవరచుకుంది. రాజస్థాన్‌లో సజ్జలు తిన్నవారికి వాంతులు, తలతిరుగుడు, మగత వచ్చిన ఉదంతాన్ని కృష్ణమాచారి, భట్‌లు 1976లో నమోదు చేశారు. అక్కడి దోషి తెలుగు రైతులు తేనెబంక తెగులు అని పిలిచే ఎర్గాట్. కంకి పూత దశలో తేనెలాంటి జిగురు కారి, ఆ తరువాత గింజ ఉండవలసిన చోట నల్లటి గట్టి శిలీంధ్ర ముద్ద ఏర్పడుతుంది. ఈ ముద్దలు గింజ కన్నా తేలిక గనక సజ్జలను ఉప్పునీళ్లలో పోస్తే అవి పైకి తేలిపోతాయి, మంచి గింజ అడుగున కూర్చుంటుంది. శిలీంధ్ర విషాల చరిత్ర మొత్తంలో ఇంత తేలికైన విరుగుడు మరొకటి లేదనవచ్చు.

1987లో కాశ్మీర్ లోయలో కోతల వేళ కురిసిన వానలకు గోధుమలు తడిసి, ఆ పిండితో చేసిన రొట్టెలు తిన్నవారికి పావుగంట నుంచి గంటలోపే కడుపునొప్పి, గొంతులో మంట, విరేచనాలు, కొందరికి రక్త విరేచనాలు మొదలయ్యాయి. భట్ బృందం ఆ గోధుమల్లో ఫ్యుజేరియం జాతి శిలీంధ్రాలు ఉత్పత్తి చేసే ట్రైకోథెసిన్లు అనే విషాల కుటుంబాన్ని గుర్తించి, 1989లో మళ్లీ లాన్సెట్‌లోనే ప్రచురించింది. వాటిలో డియాక్సీనివలెనాల్ అనేది వాంతులు కలిగించడంలో పేరుమోసినది. అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని పట్టుకుంటే ఈ కుటుంబపు విషాలు పేగుల లోపొరను, వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి.

తెలుగువారికి మరింత దగ్గరి ఉదంతం 1995 నాటిది. దక్కన్ పీఠభూమిలో పంట కోతకు వచ్చిన సమయంలో విడవకుండా కురిసిన వానలకు జొన్న కంకులు, మొక్కజొన్న పొత్తులు చేలోనే బూజు పట్టాయి. ఆ గింజలు పట్టించి చేసిన రొట్టెలు తిన్న అరగంట, గంటలోనే కడుపులో నొప్పి, గడగడమనే చప్పుడు, విరేచనాలు మొదలైన ఈ వ్యాధి 27 గ్రామాల్లో కనిపించింది. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు, ఆ రొట్టె మానేయగానే తేరుకున్నారు. బాధిత ఇళ్ల జొన్నల్లో కిలోకు 7.8 మిల్లీగ్రాముల దాకా, మొక్కజొన్నలో 64.7 మిల్లీగ్రాముల దాకా ఫ్యుమోనిసిన్ బి1 అనే విషం దొరికింది. ఆ గింజలనే ఒక రోజు వయసు కోడిపిల్లలకు మేపి చూడగా వాటికీ విరేచనాలు పట్టుకున్నాయి. ఫ్యుమోనిసిన్‌ను దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు కనుగొని అప్పటికి ఏడేళ్లే అయింది. కణపు పొరలకు అవసరమైన ఒక రకం కొవ్వు తయారీని అడ్డుకునే ఈ విషం గుర్రాల మెదడును మెత్తబరచి చంపుతుందని అప్పటికే తెలుసు. తిన్న మనుషులకు వెంటనే జబ్బు చేస్తుందన్న ఆధారాన్ని సమకూర్చినది మాత్రం ఈ దక్కన్ గ్రామాల అధ్యయనమే.

ఈ ఉదంతంలో వానను మాత్రమే నిందించడం న్యాయం కాదు. పూర్వపు వానాకాలపు జొన్నలు ఎత్తుగా పెరిగి, పగటి పొడుగు తగ్గిన తరువాతే పూతకు వచ్చి, వానలు వెనుదిరిగాక పొడి ఎండలో గింజకట్టేవి. వాటి నిదానమే వాటి రక్షణ. 1960ల నుంచి వచ్చిన స్వల్పకాలిక హైబ్రిడ్లు దిగుబడిని బాగా పెంచాయి గాని, వానలు ఇంకా కురుస్తుండగానే పక్వానికి వచ్చి గింజ బూజు తెగులును ఇంటి దాకా తెచ్చాయి. నల్లబడిన ఆ జొన్నకు మార్కెట్లో ధర పడిపోయి, కోళ్ల దాణాకూ సారా బట్టీలకూ పోగా, రైతు కుటుంబాలు తమ తిండికి వీలైనంత వరకు యాసంగి జొన్నను దాచుకునేవి. 1995లో బూజు జొన్నరొట్టె తిన్నవారు అలా ఎంచుకునే వీలు లేనివారు. అధిక దిగుబడి వంగడాల లాభనష్టాల లెక్కల్లో ఈ పద్దు ఎక్కడా కనిపించకపోవడం విచిత్రమే.

వేరుశనగకు మరో దారి

వాన వల్ల చెడే ధాన్యాలకు భిన్నంగా వేరుశనగ వాన లేక చెడుతుంది. దేశంలోకెల్లా అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటైన అనంతపురంలో దశాబ్దాల పాటు లక్షల ఎకరాల్లో వర్షాధారంగా సాగైన ఈ పంట, కాయ ఊరే చివరి నెలలో బెట్టకు గురైనప్పుడు, మట్టి వేడెక్కి కాయ చుట్టూ 28 నుంచి 31 డిగ్రీల మధ్య నిలకడగా ఉన్నప్పుడు ఆస్పర్జిల్లస్‌కు అనువైన నేల అవుతుంది. తేమ సరిపడా ఉన్న గింజ శిలీంధ్రం సోకగానే దాన్ని ఎదిరించే రసాయనాలను తానే తయారుచేసుకుంటుంది. బెట్టలో గింజ తేమ పడిపోయినకొద్దీ ఈ శక్తి నశిస్తుంది, శిలీంధ్రం మాత్రం ఆ కొద్దిపాటి తేమతోనే పెరుగుతూ పోతుంది. పొట్టు పగిలిన కాయ, పురుగు తొలిచిన కాయ, ముదిరినా పీకకుండా వదిలేసిన కాయ ముందుగా బలవుతాయి.

పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ దశలన్నిటినీ పొలంలోనే పరిశీలించి, విషం గాదెలో పుడుతుందన్న పాత నమ్మకాన్ని సవరించారు. దాని బీజం చాలాసార్లు నేలలోనే పడుతుంది, తరువాతి అజాగ్రత్త దాన్ని పెంచుతుంది. పీకిన కట్టెను కాయలు పైకి వచ్చేలా తలకిందులుగా వరుసల్లో పరిచి ఆరబెట్టడం, గింజ తేమ 8 శాతం లోపుకు వచ్చేదాకా మూటకట్టకుండా ఉండడం, పూత దశలో జిప్సం వేసి కాయ పొట్టును గట్టిపరచడం వంటి వారి సూచనల్లో ఖరీదైనవేమీ లేవు. వారు గట్టిగా వద్దన్న ఆచారం ఒకటుంది. చేతితో ఒలిచేటప్పుడు కాయ మెత్తబడి సులువుగా విచ్చుకోవాలని, తూకం కాస్త కలిసిరావాలని కూడా, ముందు రోజు కాయల కుప్ప మీద నీళ్లు చల్లే అలవాటు పల్లెల్లో ఉంది. రోజుల తరబడి ఎండలో పోగొట్టిన తేమను అది ఒక్క రాత్రిలో తిరిగి గింజకు ఎక్కించి, గోనెసంచిలోకి పోయడానికి సరిగ్గా ముందు శిలీంధ్రానికి విందు పెడుతుంది. విత్తనం కోసం ఒలిచే కాయల్లో దీనివల్ల మొలక చెడడం రైతుకు కనిపిస్తుంది, తిండి గింజల్లో చేరిన విషం కనిపించదు. గుంటూరు మిరపదీ దాదాపు ఇదే కథ: కళ్లంలో నేల మీద ఆరబోసిన కాయ మంచుకో జల్లుకో తడిస్తే రంగు తగ్గి తాలు కాయగా మారుతుంది, ఆ తాలులోనే అఫ్లాటాక్సిన్ ఎక్కువగా దొరుకుతుంది.

ఈ విషానికి లొంగని వేరుశనగ వంగడం కోసం సాగిన వెతుకులాట మాత్రం సులువుగా ఫలించలేదు. ప్రయోగశాలలో శిలీంధ్రాన్ని అడ్డుకున్న జె-11 వంటి రకాలు ఒక ఊళ్లో నిలబడి మరో ఊళ్లో లొంగిపోయేవి, ఒక ఏడాది నిలిచి బెట్ట తీవ్రమైన మరో ఏడాది చేతులెత్తేసేవి. 2018లో ప్రచురితమైన పరిశోధనలో పూజా భట్నాగర్-మాథుర్, కిరణ్ శర్మల ఇక్రిశాట్ బృందం అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి, శిలీంధ్రాన్ని ఎదిరించే అల్ఫాల్ఫా జాతి మొక్కల జన్యువులను వేరుశనగలో ప్రవేశపెట్టి, మరో పద్ధతిలో శిలీంధ్రపు విషం తయారుచేసే జన్యువులనే మూగబోయేలా చేసి, అఫ్లాటాక్సిన్ దాదాపు లేని గింజను సాధించింది. జన్యుమార్పిడి ఆహార పంటల పట్ల దేశంలో ఉన్న వైఖరి వల్ల అది పొలానికి చేరలేదు. మరో ఉపాయం ఆఫ్రికాలో పొలాలకు చేరింది: ఒకప్పుడు పటాన్‌చెరులో జొన్న బూజు మీద పనిచేసిన రణజిత్ బందోపాధ్యాయ్ నైజీరియాలో, విషం పుట్టించని ఆస్పర్జిల్లస్ రకాలనే ఏరి, చంపిన జొన్న గింజల మీద పూసి పొలంలో చల్లి, అవి విషజాతులను తోసేసి చోటు ఆక్రమించేలా చేసే అఫ్లాసేఫ్ అనే ఉత్పత్తిని అభివృద్ధి చేసిన బృందానికి నాయకత్వం వహించారు.

పదివేలలో ఒక గింజ

అఫ్లాటాక్సిన్‌ను పట్టుకోవడంలో ఉన్న అసలు కష్టం రసాయన పరీక్షలో కన్నా నమూనా తీయడంలో ఉంది. విషం గింజలన్నిటిలోనూ సమంగా ఉండదు. వేలల్లో ఒక గింజ దాన్నంతా మోస్తుంది, అమెరికాలో 1966లో పరీక్షించిన ఒక్కో గింజలో కిలోకు పది లక్షల మైక్రోగ్రాములకు మించిన మోతాదు కూడా దొరికింది. అరగ్రాము బరువున్న అలాంటి గింజలో 500 మైక్రోగ్రాముల విషం ఉన్నట్టు. దాన్ని పదివేల మంచి గింజల్లో, అంటే ఐదు కిలోల పప్పులో కలిపితే మొత్తం సరుకు కిలోకు 100 మైక్రోగ్రాములకు చేరి, భారతీయ పరిమితిని ఆరు రెట్లకు పైగా దాటుతుంది. అదే సంచిలోంచి ఆ గింజ తగలకుండా తీసిన పిడికెడు పప్పు పరీక్షలో నిర్దోషిగా తేలుతుంది. అందుకే లారీ సరుకు నుంచి పలుచోట్ల తీసిన కిలోల కొద్దీ నమూనాను పిండి చేసి కలిపి పరీక్షించాలని నియమాలు పట్టుబడతాయి. ఒకప్పుడు ఖరీదైన పరికరాలు కోరిన ఈ పరీక్షను, ప్రతిరక్షకాల సాయంతో రంగు మార్పును చూపే ఎలైసా పద్ధతిలోకి మార్చి చవకగా అందించడంలో ఇక్రిశాట్ వైరస్ శాస్త్రవేత్త డి.వి.ఆర్. రెడ్డి, ఆయన బృందం చేసిన కృషి గుర్తుంచుకోదగినది.

పరీక్ష చవకైనా అది ఎవరి సరుకుకు జరుగుతుందన్న ప్రశ్న మిగిలే ఉంది. యూరప్ సంఘం నేరుగా తినే వేరుశనగలో బి1 కిలోకు 2 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 4 మైక్రోగ్రాములు దాటకూడదంటుంది. ఆ మార్కెట్‌కు పోయే సరుకు కోసం ఎగుమతిదారు యంత్రంతో, కంటితో, అతినీలలోహిత దీపంతో ఏరి, రంగు తేడా ఉన్న గింజను, నొక్కుపోయిన గింజను పక్కన పెడతాడు. భట్, ఎస్. వాసంతి 2003లో వర్ధమాన దేశాల గురించి రాసిన నివేదికలో ఈ సమస్యను పేర్కొన్నారు: మంచి సరుకు విదేశానికి పోయాక నాసిరకం స్థానికుల తిండిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది, పండించిన దాన్నే తినే కుటుంబం ఏ తనిఖీ పరిధిలోకీ రాదు. పరిమితిని 15 నుంచి 4కు దించినంత మాత్రాన ఆ కుటుంబానికి ఒరిగేదేమీ లేదు. పంచమహల్ మొక్కజొన్నను ఎవరూ కొనలేదు, అమ్మలేదు. చట్టం దృష్టిలో అది సరుకే కాదు.

ఏరేసిన వేరుశనగ సాధారణంగా నూనె మిల్లుకు పోతుంది. అక్కడ విషంలో అధికభాగం చెక్కలోనే ఉండిపోయి, కొద్ది భాగం నూనెలోకి దిగుతుంది; రిఫైనరీలో క్షారంతో శుద్ధి చేసినప్పుడు నూనెలోని ఆ భాగం పోతుంది గాని, గానుగ నూనెలో పోదు. రసాయనాలు తగలని నూనె అంటూ నగరాల్లో గానుగ నూనెకు గిరాకీ పెరిగిన ఈ రోజుల్లో గానుగలో పోసిన పప్పు ఎలాంటిదన్న ప్రశ్న కొనేవారు అడగడం అరుదు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లోనే, గాజు పాత్రల్లో పోసిన వేరుశనగ నూనెను ఎర్రటి ఎండలో ఉంచితే అందులోని అఫ్లాటాక్సిన్ చాలా వరకు నశిస్తుందని నిరూపించారు. ఆ పరిజ్ఞానం యాభై ఏళ్లుగా పత్రికల్లోనే పడి ఉంది.

చెక్క సంగతి వేరు, అది పాడి పశువుల దాణాలోకి చేరుతుంది. ఆవు, గేదె తిన్న బి1లో ఒకటి రెండు శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, కాలేయంలో ఎం1 అనే రూపంలోకి మారి పాలలోకి వస్తుంది. భారతీయ ప్రమాణం పాలలో దాన్ని కిలోకు 0.5 మైక్రోగ్రాముకు పరిమితం చేయగా, యూరప్‌లో అది 0.05. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో దేశవ్యాప్తంగా సేకరించిన 6,432 పాల నమూనాల్లో 368, అంటే 5.7 శాతం, ఈ పరిమితిని దాటాయి. ఆ సర్వే మొదలైనప్పుడు అందరి దృష్టీ యూరియా, డిటర్జెంటు కల్తీ మీద ఉండగా, కల్తీ నమూనాలు చాలా కొద్దిగా తేలి, ఎవరూ కలపని ఈ విషం వాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నమూనాల్లో కనిపించింది. ఎం1 పాశ్చరైజేషన్ వేడికి పోదు. ఊళ్లో పితికిన పచ్చిపాలలో కన్నా, వేల ఇళ్ల పాలను ఒకచోట కలిపి ప్యాకెట్లలో నగరానికి పంపే శుద్ధిచేసిన పాలలోనే అది ఎక్కువగా కనిపించిందని ఆ సంస్థే ప్రకటించింది.